మైలుతుత్తం, సున్నం, కొడవలి: లోహాల వరుసను ఇంటి దగ్గరే కనుక్కోవడం ఎలా

పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింకు, ఇనుము, సీసం, హైడ్రోజన్, రాగి, పాదరసం, వెండి, బంగారం. చురుకు ఎక్కువున్న లోహం పైన, తక్కువున్నది కింద ఉండేట్టు రాసిన వరుస ఇది. పదో తరగతిలో ఈ చర్యాశీలత శ్రేణి నాకు నిద్రలో లేపి అడిగినా తడబడకుండా వచ్చేది. ఆ ఏడే మా చీనీ (బత్తాయి) తోటలో ఒక సాలు చెట్ల లేతాకులు నా పొరపాటు వల్ల మాడిపోయినాయి.

మా ఊరు అనంతపురం జిల్లా నార్పల దగ్గర. వానలు పడినాక తెగుళ్లు పట్టకుండా మా నాయన చెట్లకు బోర్డో మిశ్రమం కొట్టేవాడు. మైలుతుత్తం నీళ్లు, సున్నం నీళ్లు కలిపి చేసే నీలం మందు అది. పిచికారీ చేసే ముందు కొడవలి మొన అందులో ఒక నిమిషం ముంచి తీసి చూడాలి. ఇనుము మీద ఎర్రగా ఏదైనా అంటితే సున్నం చాలలేదని అర్థం. ఆ రోజు కొడవలి చేను కాడే ఉండిపోయింది. నాయన కేకేసి "ముంచి చూసినావా?" అని అడిగితే వంటింట్లో నుంచి స్టీలు కత్తి తెచ్చి ముంచినాను. తళతళలాడుతూ బయటికి వచ్చింది. "ఏమీ అంటలేదు నాయనా" అన్నాను. ఆ రోజు వాడింది పోయినేడు మూతి విప్పి వదిలేసిన సంచిలోని సున్నం. నాలుగైదు రోజులకు లేతాకుల అంచులు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయినాయి. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఆకులను వేళ్ల మధ్య నలుపుతూ చాలాసేపు చెట్టు కింద కూర్చున్నాడు.

సున్నం ఎందుకు చచ్చుబడింది, స్టీలు కత్తి ఎందుకు తప్పు చెప్పింది, ఈ రెండింటికీ జవాబు నేను బట్టీ పట్టిన పాఠంలోనే ఉంది. ఇప్పుడు నేనూ బడిలో సైన్సు చెప్తున్నాను. మా పిల్లలతో ఈ పాఠాన్ని ఎట్లా చేయిస్తానో అట్లాగే ఇక్కడ రాస్తున్నాను. రెండు సెలవు రోజులు చాలు. మీరు పదో తరగతి పిల్లలైతే ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పెద్దవాళ్లయితే పిల్లలను కూర్చోబెట్టుకోండి.

ముందు సరుకులు తెచ్చుకోండి

ఎరువుల అంగడిలో మూడు దొరుకుతాయి: మైలుతుత్తం, అన్నభేది, జింకు సల్ఫేట్. పాఠ్యపుస్తకంలో మైలుతుత్తాన్ని కాపర్ సల్ఫేట్ అని, అన్నభేదిని ఫెర్రస్ సల్ఫేట్ అని రాస్తారు. ఒక్కోటి 50 గ్రాములుంటే ఎక్కువ. వ్యవసాయం ఉన్న ఇల్లు పక్కనే ఉంటే పొట్లం కట్టి ఇమ్మని అడగండి. కిరాణా అంగడిలో తాంబూలంలోకి వాడే తడి సున్నం, పసుపు, నిమ్మకాయలు, వెనిగర్ తీసుకోండి. హార్డ్‌వేర్ అంగడిలో మామూలు ఇనుప మేకులు, జి.ఐ. తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) మూరెడు, గరుకు కాగితం ఒకటి. మేకులు కొనేటప్పుడు వెండిలాగా మెరిసేవి వద్దు, వాటికి జింకు పూత ఉండొచ్చు. జి.ఐ. తీగ మాత్రం ఆ పూత కోసమే కొంటున్నాం. పాత కరెంటు వైరు ఒలిస్తే రాగి తీగ వస్తుంది. బిరియానీ పొట్లం కట్టే అల్యూమినియం ఫాయిల్ చేతి వెడల్పంత ఉంటే చాలు. ఒకసారి వాడి పారేసే తెల్లటి ప్లాస్టిక్ గ్లాసులు పది.

నీళ్ల మాట ఒకటి చెప్పాలి. మన బోరు నీళ్లతో మైలుతుత్తం కలపకండి. ఈ నీళ్లలో కరిగి ఉన్న బైకార్బనేట్లు దానితో కలిసి లేత నీలం మడ్డి కడతాయి, ద్రావణం తేటగా ఉండదు. ప్లాంటు నుంచి తెచ్చే క్యాను నీళ్లు గానీ, పట్టి పెట్టుకున్న వాన నీళ్లు గానీ వాడండి.

జాగ్రత్తలు తక్కువే, కానీ ఒక్కటీ వదలడానికి లేదు. మైలుతుత్తం విషం. వంటింట్లో చేయకండి, వంట పాత్రలు వాడకండి, ఈ గ్లాసుల్లో మళ్లీ ఎవరూ ఏమీ తాగకూడదు. పని అయినాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు. పొరపాటున పడితే నలపకుండా ధారగా పడే నీళ్లతో ఇరవై నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాల్చిన రాతి సున్నం పిల్లలు తెచ్చి నీళ్లలో వేయొద్దు, అది కుతకుత ఉడికి మీద చిందుతుంది. బాత్‌రూము కడిగే యాసిడ్ ఈ పనికి అక్కర్లేదు. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ, ఎక్కడా కలపకండి, క్లోరిన్ వస్తుంది. పాత బ్యాటరీ సెల్లులను పగలగొట్టి జింకు తీయమని కొందరు చెప్తారు, దానికంటే జి.ఐ. తీగ మేలు.

ఎర్రనీళ్లతో మొదలుపెట్టండి

దిష్టి తీసే ఎర్రనీళ్లు చూడని తెలుగు ఇల్లు ఉండదు. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి కూడా అదే పసుపు, అదే సున్నం. రెండు రంగులు కలిస్తే మూడో రంగు రావడం కాదు ఇది. సున్నం తెలుపు, పసుపు పచ్చన, రెండూ కలిస్తే ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది? పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబారుతుంది. ఆమ్లంలో పచ్చగానే ఉంటుంది. అంటే పసుపు ఒక సూచిక. బడిలోని లిట్మస్, ఫినాఫ్తలీన్ చేసే పనిని ఇది చేస్తుంది. చొక్కా మీద పప్పుచారు మరక సబ్బు పెట్టగానే ఎర్రగా అయ్యేది కూడా ఇందుకే.

ముందురోజు రాత్రి లీటరు సీసాలో క్యాను నీళ్లు పోసి, చెంచాడు సున్నం వేసి, మూత బిగించి బాగా కుదిపి పక్కన పెట్టండి. తెల్లారేసరికి సున్నం అడుక్కు దిగి పైన తేట నిలుస్తుంది. అదే సున్నపు తేట. కదపకుండా పైపైన వంచుకోండి. సున్నం నీళ్లలో కరిగేది చాలా తక్కువ, లీటరుకు రెండు గ్రాములు కూడా కరగదు. అయినా ఆ కొంచెమే గట్టి క్షారం.

ఒక గ్లాసులో నాలుగు చెంచాల తేట, అంటే 20 మిల్లీలీటర్లు పోసి చిటికెడు పసుపు వేయండి. ఎర్రబడుతుంది. నిమ్మరసం వడగట్టి సిరంజిలోకి తీసుకొని (సూది లేకుండా) ఒక్కో చుక్క వేస్తూ, కదుపుతూ లెక్కపెట్టండి. మొదట చుక్క పడిన చోట మాత్రమే పచ్చటి మచ్చ కనిపించి మాయమవుతుంది. పోను పోను ఆ మచ్చ పెద్దదై నిదానంగా పోతుంది. ఇరవై, పాతిక చుక్కల దగ్గర గ్లాసంతా ఒక్కసారిగా పచ్చబడుతుంది. నిమ్మకాయ పులుపును బట్టి ఈ లెక్క అటూ ఇటూ మారుతుంది. సున్నపు తేట రెండు చెంచాలు ఎక్కువ పోయండి, పచ్చదనం పోయి మళ్లీ ఎర్రన. దీన్నే తటస్థీకరణం అంటారు. ఆమ్లం, క్షారం కలిసి లవణం, నీరు ఏర్పడతాయి.

ఇప్పుడు ఇదే పనిని తేటతో కాకుండా సీసా అడుగున ఉన్న పాలలాంటి సున్నం నీళ్లతో చేయండి. నిమ్మరసం పోస్తే పచ్చబడుతుంది. గ్లాసు అక్కడ పెట్టి నిమిషం ఆగండి. మీరు ముట్టుకోకుండానే మళ్లీ ఎర్రబడుతుంది. మా తరగతిలో పిల్లలు గ్లాసు చుట్టూ మూగేది ఈ నిమిషంలోనే. కరగకుండా మిగిలిన సున్నం రేణువులు, పైన క్షారం అయిపోగానే కరగడం మొదలుపెడతాయి. బోర్డో మిశ్రమంలో సున్నం చేసే పని ఇదే అని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ అక్కడికే వస్తాం.

సోడా సీసా, బెలుం గుహలు

గ్లాసులో నాలుగు చెంచాల సున్నపు తేట తీసుకొని, అప్పుడే మూత తీసిన చల్లటి ఉత్త సోడాను కొంచెం కొంచెంగా పోయండి. రంగు, తీపి ఉన్న సోడా కాదు. ముందు తేట కాస్తా పాలలాగా తెల్లబడుతుంది. సోడాలోని కార్బన్ డై ఆక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బనేట్ అయింది. అది నీళ్లలో కరగదు కాబట్టి తెల్లగా తేలింది. ఆపకుండా సోడా పోస్తూనే ఉండండి. ఆ తెలుపు విరిగి మళ్లీ తేటబడుతుంది. కార్బనేట్ కాస్తా బైకార్బనేట్‌గా మారి కరిగిపోయింది.

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు మీరు చూసే ఉంటారు. 3,229 మీటర్ల పొడవున సున్నపురాయిని తొలిచింది ఈ రెండో సగమే. గాలిలోని, మట్టిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కలుపుకున్న నీళ్లు రాయిని కరిగించుకుంటూ పోయినాయి. గ్లాసులో అర నిమిషం పట్టింది, అక్కడ లక్షల ఏళ్లు. తేటబడిన నీళ్లను పాత డబ్బాలో పోసి మరిగిస్తే మళ్లీ తెల్లమడ్డి తేలుతుంది. మన ఇళ్లల్లో నీళ్లు కాచే బిందె అడుగున పేరుకునే తెల్లటి పెచ్చు అదే.

నాయన సంచిలోని సున్నం చచ్చుబడింది కూడా ఇట్లాగే, కాకపోతే మొదటి సగం దగ్గరే ఆగిపోయింది. మూతి విప్పిన సంచిలోకి గాలి పోతూ ఉంటే సున్నం నెమ్మదిగా తిరిగి సున్నపురాయి పొడిగా మారుతుంది. చూడ్డానికి అదే తెలుపు, అదే మెత్తదనం. క్షారగుణం మాత్రం ఉండదు. దీన్ని పట్టుకోవడం తేలిక. చెంచాడు సున్నం మీద వెనిగర్ పోయండి. మంచి సున్నమైతే పెద్దగా నురగ లేకుండా కరుగుతుంది. బుసబుస పొంగితే అందులో కార్బనేట్ చేరిందన్నమాట.

ఈ బుసబుసను రాయి మీదా చూడొచ్చు. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు నాపబండ ముక్క దొరకని చోటు లేదు. మేకుతో గీకి పొడి తీసి దాని మీద నిమ్మరసం వేస్తే బుడగలు వస్తాయి. కడప రాయి పరిచిన ఇంట్లో నిమ్మకాయ చెక్క పడిన చోట, యాసిడ్‌తో కడిగిన చోట మెరుపు పోయి తెల్లమచ్చ ఎందుకు పడుతుందో ఇప్పుడు మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో కాకుండా క్షార ద్రావణంతో శుద్ధి చేసేది కూడా ఇందుకే. అక్కడి రాయి కార్బనేట్ రాయి, ఎంత ఆమ్లం పోసినా ముందు ఆ రాయే తాగేస్తుంది.

లోహం మీద పులుపు

మూడు గ్లాసుల్లో వెనిగర్ పోసి ఒకదాంట్లో గరుకు కాగితంతో రుద్దిన మేకు, ఇంకోదాంట్లో జి.ఐ. తీగ, మూడోదాంట్లో రాగి తీగ వేయండి. జి.ఐ. తీగ మీద సన్నటి బుడగలు పూసల్లాగా అంటుకుంటాయి. మేకు మీద చాలా నిదానం, గంటల తరబడి చూడాలి. రాగి మీద ఏమీ రాదు. ఆ బుడగలు హైడ్రోజన్. శ్రేణిలో హైడ్రోజన్ కంటే పైన ఉన్న లోహం ఆమ్లంలోని హైడ్రోజన్‌ను తరిమేస్తుంది, కింద ఉన్నది తరమలేదు.

ఇక్కడ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. రాగి మీద ఆమ్లం పనిచేయకపోతే చింతపండుతో తోమిన రాగిచెంబు ఎందుకు మెరుస్తుంది? చింతపండు తీసేది రాగిని కాదు, దాని మీద కట్టిన నల్లటి పొరను. ఆ పొర కాపర్ ఆక్సైడ్, అంటే లోహపు ఆక్సైడ్, కాబట్టి ఆమ్లంలో కరుగుతుంది. కింద ఉన్న రాగి అట్లాగే ఉంటుంది. మరి కళాయి లేని ఇత్తడి గిన్నెలో మజ్జిగ పోస్తే చిలుము ఎందుకు ఎక్కుతుంది? రాగి ఒంటరిగా హైడ్రోజన్‌ను తరమలేకపోయినా, గాలిలోని ఆక్సిజన్ తోడైతే నెమ్మదిగా ఆమ్లంలోకి దిగుతుంది. దిగిన రాగి లవణాలు కడుపుకు చేటు. మా అవ్వ ఏటా కళాయి పోయించందే ఇత్తడి గిన్నెలో చారు కాచేది కాదు. తగరం పూత ఆ పులుపుకూ రాగికీ మధ్య గోడ.

అసలు పోటీ: మూడు ఉప్పులు, మూడు లోహాలు

ఈ భాగానికి తొందరపడకండి, ఒక పూట కేటాయించండి.

మూడు సీసాల్లో విడివిడిగా 100 మిల్లీలీటర్ల క్యాను నీళ్లు పోసి, ఒకదాంట్లో చెంచాడు మైలుతుత్తం, ఒకదాంట్లో చెంచాడు అన్నభేది, ఒకదాంట్లో చెంచాడు జింకు సల్ఫేట్ కరిగించండి. మొదటిది ఆకాశం నీలం, రెండోది లేత ఆకుపచ్చ, మూడోది నీళ్లలాగే ఉంటుంది. అన్నభేదిని మాత్రం అప్పటికప్పుడు కలుపుకోండి. నిలవ ఉంటే గాలి తగిలి తుప్పురంగు నీళ్లవుతుంది. వేరుశనగ ఆకులు పసుపురంగుకు పాలిపోయినప్పుడు ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కొట్టమనేది కూడా ఇందుకే. ఆ పులుపు ఇనుమును పాడవకుండా పట్టి ఉంచుతుంది.

ఆరు గ్లాసులు తీసుకొని వాటి మీద పేర్లు రాయండి. మైలుతుత్తంలో మేకు, మైలుతుత్తంలో జి.ఐ. తీగ. అన్నభేదిలో జి.ఐ. తీగ, అన్నభేదిలో రాగి తీగ. జింకు సల్ఫేట్‌లో మేకు, జింకు సల్ఫేట్‌లో రాగి తీగ. మేకునూ రాగి తీగనూ గరుకు కాగితంతో రుద్ది వేయండి. జి.ఐ. తీగను రుద్దకండి, పూత లేచిపోతుంది. వేసే ముందే కాగితం మీద ఆరు గళ్లు గీసి, ఏ గళ్లో ఏం జరుగుతుందని మీరు అనుకుంటున్నారో పెన్సిల్‌తో రాయండి. ముందే ఇట్లా రాసుకున్న పిల్లలు తర్వాత మర్చిపోయింది నేను చూడలేదు.

మైలుతుత్తంలో జి.ఐ. తీగ పడీపడగానే నల్లబడుతుంది. ఆ నలుపు చూసి మసి అనుకుంటారు. అది రాగే. మరీ సన్నటి రేణువులుగా దిగింది కాబట్టి నల్లగా కనిపిస్తుంది, కాసేపటికి ఎర్రమట్టి ముద్దలాగా తిరుగుతుంది. మేకు కాస్త నిదానం. నిమిషం ఆగి పైకి తీస్తే మునిగినంత మేర కొత్త రాగిబిందె రంగు. అరగంటకు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. తెల్లారి చూస్తే నీళ్లలో నీలం తగ్గి ఆకుపచ్చ ఛాయ వచ్చి ఉంటుంది, అంటే ఆ గ్లాసులో ఇప్పుడు అన్నభేది తయారైంది. ఇనుము తన రెండు ఎలక్ట్రాన్లను ఇచ్చేసి నీళ్లలోకి దిగింది, రాగి ఆ రెండింటినీ తీసుకొని గట్టి లోహమై మేకు మీద కూర్చుంది. పుస్తకంలో దీని పేరు స్థానభ్రంశం.

అన్నభేదిలో జి.ఐ. తీగ మీద తెల్లారేసరికి మసకగా నల్లటి పొర కడుతుంది. తక్కిన మూడు గ్లాసుల్లో ఏమీ జరగదు. జింకు సల్ఫేట్‌లో మేకు నీటి అంచు దగ్గర కాస్త ఎర్రబడితే కంగారుపడి తప్పు రాయకండి. అది గాలి తగిలి పట్టిన తుప్పు, తుడిస్తే పొడిగా వస్తుంది.

ఇప్పుడు మీ కాగితం మీద లెక్క చూడండి. జింకు రెండు గెలిచింది, ఇనుము ఒకటి గెలిచింది, రాగి ఒక్కటీ గెలవలేదు. జింకు, ఇనుము, రాగి. ఈ వరుస మీరు కళ్లతో చూసి రాసుకున్నది. వెనిగర్ గ్లాసులను గుర్తుచేసుకుంటే ఇనుముకూ రాగికీ మధ్య హైడ్రోజన్ ఎక్కడ కూర్చోవాలో కూడా తెలిసిపోతుంది.

అల్యూమినియం మౌనం

శ్రేణిలో అల్యూమినియం జింకు కంటే పైన ఉంది. మరి మైలుతుత్తంలో వేస్తే ఇంకా గట్టిగా పనిచేయాలి కదా? పావు గ్లాసు మైలుతుత్తం నీళ్లలో తమలపాకులో సగమంత ఫాయిల్ ముక్క వేసి పది నిమిషాలు చూడండి. ఏమీ లేదు. ఫాయిల్ తళతళలాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు గ్లాసును ఒక ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టి, పొయ్యికి, దీపానికి దూరంగా జరిపి, అర చెంచా ఉప్పు వేసి కదపండి. నీలం కాస్త ఆకుపచ్చగా మారుతుంది. ఫాయిల్ అంచుల దగ్గర ఎర్రటి చుక్కలు లేస్తాయి, బుడగలు మొదలవుతాయి, కాసేపట్లో ఫాయిల్ చిల్లులు పడి నలిగిపోయి ఎర్రముద్ద అవుతుంది. గ్లాసు బయట చేయి ఆనిస్తే వేడి తెలుస్తుంది.

అల్యూమినియం మీద కంటికి కనిపించనంత పలచటి ఆక్సైడ్ పొర ఎప్పుడూ ఉంటుంది. గీకినా గాలి తగలగానే మళ్లీ కట్టేస్తుంది. లోపలి లోహానికి చురుకు లేక కాదు, చురుకు ఎక్కువై ముందే గాలితో కలిసి తన మీద తానే మూత వేసుకుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ మూతకు చిల్లులు పెట్టింది. సున్నం లాంటి క్షారం కూడా ఆ పొరను కరిగిస్తుంది. సున్నపు ముద్దను ఫాయిల్ మీద తడిగా పెట్టి చూడండి, కింద బుడగలు లేస్తాయి. అల్యూమినియం బొచ్చెల్లో సున్నం కలపకూడదని పెద్దవాళ్లు చెప్పేది ఊరికే కాదు.

నా స్టీలు కత్తి కథ కూడా ఇదే. స్టెయిన్‌లెస్ స్టీలులో ఇనుమే ఎక్కువ, కానీ కలిపిన క్రోమియం దాని మీద అట్లాంటి పలచటి ఆక్సైడ్ పొర కడుతుంది. మైలుతుత్తం ఇంకా మిగిలి ఉన్న నీళ్లలో ముంచినా ఆ పొర రాగిని అంటనీయలేదు. మిశ్రమం బాగుందని నేను అనుకున్నాను. శ్రేణిలో ఇనుము ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు, నా చేతిలో ఉన్న కత్తి ఇనుములాగా నడుచుకోదని తెలియదు.

ఇప్పుడు బోర్డో మిశ్రమం

తోటలో ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. ఇంటి దగ్గర 10 గ్రాములు, 10 గ్రాములు, లీటరు నీళ్లు. ప్లాస్టిక్ బకెట్లు, మట్టి కుండలు వాడాలి, ఇనుప డబ్బా ముట్టకూడదు. ఎందుకో ఆ మేకు గ్లాసు చూసిన మీకు తెలుసు, మందులో ఉండాల్సిన రాగి డబ్బాకు అంటుకుపోతుంది.

మైలుతుత్తాన్ని అర లీటరులో కరిగించండి. సున్నాన్ని అర లీటరులో కలిపి గుడ్డలో వడగట్టండి. తర్వాత మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి సన్నగా పోస్తూ కట్టెతో కలపండి. సున్నాన్ని మైలుతుత్తంలోకి పోయకండి. నీలం నీళ్లు సున్నంలోకి పడుతుంటే ప్రతి చుక్క చుట్టూ సున్నం ఎక్కువగా ఉంటుంది, వచ్చే రేణువు మెత్తగా ఉండి ఆకుకు బాగా అంటుకుంటుంది. కలుపుతుంటే తేట నీలం పోయి చిక్కటి పాలలాంటి ఆకాశనీలం వస్తుంది. కరిగి ఉన్న రాగి కరగని రాగి హైడ్రాక్సైడ్ లాంటి రేణువుగా మారింది. ఆకు మీద కూర్చుని నిదానంగా పనిచేసేది అదే. కరిగి మిగిలిపోయిన రాగి మాత్రం ఆకును కాలుస్తుంది.

లెక్క కడితే కిలో మైలుతుత్తానికి 300 గ్రాముల స్వచ్ఛమైన తడిపిన సున్నం సరిపోతుంది. మరి కిలో ఎందుకు? అంగడి సున్నం స్వచ్ఛంగా ఉండదు, గాలికి కొంత చచ్చుబడి ఉంటుంది. మిగులు సున్నం రేణువులు, ఆ ఎర్రనీళ్ల గ్లాసులో చూసినట్టు, అవసరమైనప్పుడు కరిగి క్షారాన్ని నిలబెడతాయి. అయినా ఏడాది పాతసంచి అయితే కిలో కూడా చాలదు. అందుకే కొడవలి.

కొడవలి మొనను రాయి మీదో గరుకు కాగితం మీదో రుద్ది తెల్లటి ఇనుము తేలేదాకా తీయండి. నూనె, తుప్పు ఉండకూడదు. మిశ్రమంలో నిమిషం ముంచి తీసి, కడిగి, ఎండలో తిప్పి చూడండి. పదును అంచు వెంబడి సన్నగా ఎర్రగీత కనిపించినా సరే, ఇంకొంచెం సున్నం నీళ్లు కలిపి మళ్లీ ముంచండి. ఏమీ అంటనిదాకా. ఇంటి దగ్గర దీన్ని కావాలనే తప్పు చేసి చూడండి. రెండు గ్రాముల సున్నంతో ఒకటి, పది గ్రాములతో ఒకటి కలిపి, రెండింటిలోనూ ఒక కొత్త మేకు, ఒక స్టీలు చెంచా ముంచండి. సున్నం తక్కువైన గ్లాసులో మేకు ఎర్రబడుతుంది, చెంచా తెల్లగా బయటికి వస్తుంది. నేను పదో తరగతిలో చూడాల్సింది ఈ రెండింటినీ పక్కపక్కన. ఆ చెంచాను మళ్లీ వంటింట్లోకి తీసుకుపోకండి.

ఈ మందు పుట్టింది ఫ్రాన్సులో, బోర్డో ద్రాక్షతోటల్లో. దారి పక్క తీగల నుంచి పండ్లు కోసుకుపోకుండా రైతులు చల్లిన మైలుతుత్తం, సున్నం ఉన్న ఆకులకు బూజుతెగులు సోకకపోవడం గమనించి మిల్లార్డే అనే శాస్త్రవేత్త 1885లో దీన్ని ప్రకటించాడు.

పరీక్షలో రాసేటప్పుడు

కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు ఉంచితే ఏం జరుగుతుందని అడిగితే, ముందు మీ కాగితంలోని పరిశీలన రాయండి: మేకు మీద రంగు, ద్రావణంలో రంగు. ఆ తర్వాత సమీకరణం, ఆ తర్వాత కారణం. కారణం దగ్గర "ఇనుము రాగి కంటే చర్యాశీలత ఎక్కువ గలది" అని ఆపకుండా ఎలక్ట్రాన్లు ఎవరు ఇచ్చారో ఎవరు తీసుకున్నారో ఒక వాక్యం రాయండి.

ప్రకృతిలో ఏ లోహం ఏ రూపంలో దొరుకుతుందని అడిగితే ఉదాహరణకు ఎక్కడికో పోనక్కర్లేదు. పాత అనంతపురం జిల్లాలోనే రామగిరిలో బంగారం బంగారంగానే దొరికింది, ఓబుళాపురంలో ఇనుము ఆక్సైడ్ రూపంలో దొరికింది. శ్రేణి అడుగున ఉన్న బంగారం ఎవరితోనూ కలవదు, ఇనుము కలుస్తుంది. మొదట చెప్పిన వరుసలో పేరు లేకపోయినా, ఇనుము కంటే చాలా పైనుండే బేరియం మంగంపేట ముగ్గురాయిలో సల్ఫేట్‌గా బిగుసుకుపోయి ఉంటుంది. ఆ బరువైన రాయి మీద నిమ్మరసం వేసి చూడండి, నాపరాయి మీద వచ్చినట్టు బుడగ రాదు.

చివరగా శుభ్రం చేయడం. రాగి ఉన్న నీళ్లు బావిలోకీ, కుంటలోకీ, కాలువలోకీ పోనీయకండి, చేపలకు అది విషం. మైలుతుత్తం మిగిలిన గ్లాసులన్నీ ఒక డబ్బాలోకి వంచి సున్నం కలపండి. మేకు ముంచి ఎర్రబడటం లేదని చూసుకొని, మడ్డి అడుక్కు దిగేదాకా ఉంచి ఆరబెట్టి, మూటగట్టి చెత్తలో వేయండి. బాగా కుదిరిన బోర్డో మిశ్రమం మిగిలితే నిమ్మచెట్టు మొదట్లో కాండానికి ఆ రోజే పూసేయండి, మరుసటి రోజుకు రేణువు గరుకెక్కి పనికిరాదు. కొడవలికి రాగి అంటి ఉంటే గరుకు కాగితంతో పూర్తిగా తీసేసి, తడి లేకుండా తుడిచి, కాస్త ఆముదం రాసి పెట్టండి. రాగి అంటుకున్న చోట తడి తగిలితే ఆ పక్కనున్న ఇనుము మామూలుకంటే తొందరగా తుప్పు పడుతుంది.